పాత చిన్న ట్రాక్టరు బేరం: ఇంజను లోపానికి ధర కట్టవచ్చు, కాగితం లోపానికి కట్టలేము

బహదూర్‌పురా: పాత ట్రాక్టరు కొనేవారు సాధారణంగా ముందు ఇంజను స్టార్టు చేయించి, పొగ చూసి, టైర్లు తట్టి బేరానికి దిగుతారు. కాగితాల సంగతి బయానా ఇచ్చిన తర్వాత వస్తుంది. ఈ వరుస తలకిందులుగా ఉన్నదనీ, నష్టాలలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నదనీ ఈ వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవారు చెబుతారు. ఇంజనుకు ఎంత జబ్బు ఉన్నా దానికి ఒక ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును ధరలో తగ్గించి కొనవచ్చు. యాజమాన్యంలో చిక్కు ఉంటే దాన్ని ఏ ధరలోనూ తగ్గించుకోలేము. పూర్వచరిత్ర బాగులేని ట్రాక్టరును కొనవచ్చునా, కూడదా అనే ప్రశ్నకు సమాధానం ఈ తేడాలోనే ఉన్నది.

పాతబస్తీ నుంచి జూపార్కు, ఆరాంఘర్ మీదుగా బెంగుళూరు వెళ్లే రోడ్డు పక్కన బహదూర్‌పురా ఉన్నది. షాద్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే సరుకైనా బండైనా నగరంలోకి ప్రవేశించే దారుల్లో ఇదొకటి. పాత బండ్లతో పని ఉన్న వర్తకులకు, మధ్యవర్తులకు ఈ దారి కొత్త కాదు. అయితే లారీ బేరంలో పండినవారు కూడా చిన్న ట్రాక్టరు దగ్గర తప్పటడుగు వేసే అవకాశం ఉన్నది. లారీకి పర్మిటు, ఫిట్‌నెస్, పన్ను రశీదు వంటివి ఏటా బండిని అధికారుల ఎదుట నిలబెడతాయి. వ్యవసాయ ట్రాక్టరు నిబంధనల ప్రకారం రవాణా వాహనం కాదు. రిజిస్ట్రేషన్ ఒకసారి చేయిస్తే 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ 15 ఏళ్లలో బండి నాలుగు చేతులు మారినా కాగితం మీద మొదటి రైతు పేరే మిగిలి ఉండడం సాధారణం.

చిన్న ట్రాక్టరుకు గిరాకీ ఎందుకు

ఇక్కడ చిన్న ట్రాక్టరు అంటే సుమారు 15 మొదలు 28 హార్స్‌పవర్ వరకు ఉండే బండి. ద్రాక్ష, మామిడి, సపోటా తోటల్లో సాళ్ల మధ్య దూరడానికి, పత్తిలో అంతర కృషికి, మందు పిచికారీకి, చిన్న ట్రాలీ లాగడానికి దీన్ని వాడతారు. బెంగుళూరు కంపెనీ వీఎస్‌టీ వారి మిత్సుబిషి శక్తి 18.5 హార్స్‌పవర్ బండికి మూడు సిలిండర్లు. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 ఒకే సిలిండరుతో 15 హార్స్‌పవర్ ఇస్తాయి. కుబోటా నియోస్టార్ బండ్లు 24, 27 హార్స్‌పవర్లలో నాలుగు చక్రాల చోదనతో వచ్చాయి. బండి చిన్నదైనంత మాత్రాన బేరం చిన్నది కాదు. జపాన్ తరహా చిన్న ఇంజన్లలోనూ నాలుగు చక్రాల బండ్ల ముందు ఇరుసులలోనూ విడిభాగాల ఖరీదు పెద్ద ట్రాక్టరుకు తీసిపోదు.

కొత్త బండి ధరే పాత బండికి కప్పు. ఈ కప్పు 2025లో కొంత కిందికి దిగింది. ట్రాక్టర్లపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతానికి బదులు 5 శాతమైంది. పన్ను కలపని ధర రూ. 5,00,000 అనుకుంటే, మునుపు పన్నుతో రూ. 5,60,000 అయ్యే బండి తర్వాత రూ. 5,25,000కు దిగుతుంది. తేడా రూ. 35,000. అంతకు ముందు పాత బండి కొని నిల్వ ఉంచుకున్నవారికి ఈ మేరకు లాభం తరిగినట్లే. అమ్మేవారు ఇప్పటికీ పాత లెక్కనే ధర చెబితే, కొనేవారు ఈ 35 వేలను గుర్తుచేయడం న్యాయమే.

బండికి ఉండే గతాలు

బేరానికి వచ్చే పాత ట్రాక్టర్ల వెనుక సాధారణంగా అయిదు రకాల కథలు ఉంటాయి. ఒకటి, వాయిదాలు కట్టలేక ఫైనాన్సు సంస్థ స్వాధీనం చేసుకున్నది. రెండు, వరదలో మునిగినది. మూడు, గట్టు మీద నుంచో వంతెన మీద నుంచో బోల్తా పడినది. నాలుగు, ఇసుక రవాణా వంటి కేసులో పట్టుబడినది, లేదా దొంగిలించబడినది. అయిదు, కంపెనీయే మూతపడి విడిభాగాలకు దిక్కులేనిది. వీటిలో రెండవది, మూడవది, అయిదవది ఖర్చుకు సంబంధించిన లోపాలు. మొదటిది కాగితాలు సరిగా ఉంటే మంచి బేరమే కావచ్చు. నాలుగవది మాత్రం తేలేవరకు దగ్గరకు రానీయకూడనిది.

వరద బండి

వరద సంగతి ఈ ప్రాంతం వర్తకులకు కొత్తగా చెప్పనవసరంలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలాది ప్రాణాలు తీసింది. 2020 అక్టోబరు వానల్లో పాతబస్తీ దక్షిణ భాగాన పల్లె చెరువు పొంగినప్పుడు బండ్లు నీటిలో కొట్టుకుపోయిన దృశ్యాలు అందరూ చూశారు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. ఇటువంటి వరదల తర్వాత కొన్ని నెలలకు కడిగి, రంగు వేసిన బండ్లు దూరపు బజారుకు చేరడం ఈ వ్యాపారంలో ఉన్నదే. ఆ జిల్లాల నంబరు ఉన్నంత మాత్రాన బండి మునిగినదని అనుకోరాదు. వరదకు తర్వాత చేతులు మారిన బండి అయితే మాత్రం ఒకటికి రెండుసార్లు చూడాలి.

మునిగిన బండికి బయటి రంగు సాక్ష్యం చెప్పదు. హెడ్‌లైటు గాజు లోపల ఒండ్రు చార, మీటర్ల పలక వెనుక ఎండిన బురద, వైర్లు కలిసే చోట పచ్చని చిలుము, ఎయిర్ క్లీనరు డబ్బాలో మట్టి, స్టార్టరు మోటారు మూత లోపల తుప్పు ఇవి చెబుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది గేరుబాక్సు నూనె. నీరు కలిసిన నూనె మజ్జిగ రంగులో ఉంటుంది. అమ్మేవారు నూనె మార్పించి ఉండవచ్చు. అందువల్ల బండి రాత్రంతా కదలకుండా ఉన్న తర్వాత, ఉదయాన్నే గేరుబాక్సు కింది బిరడాను కొద్దిగా వదులు చేయించాలి. నూనె కంటె నీరు బరువు కనుక అడుగున మిగిలిన నీరే ముందు చుక్కలుగా వస్తుంది. చిన్న ట్రాక్టర్లలో అనేకం గేరుబాక్సు నూనెతోనే లిఫ్టును కూడా నడుపుతాయి. ఆ నూనెలో నీరు చేరితే బేరింగులు, గేర్లు, హైడ్రాలిక్ పంపు మూడూ దెబ్బతింటాయి.

దమ్ములో దిగే బండ్లకు వరద లేకుండానే ఈ జబ్బు రావచ్చు. వరి మడిలో ఇరుసు మునిగేలా నడిపిన చిన్న ట్రాక్టరుకు ముందు ఇరుసు సీళ్లు పోయి, బురద నీరు లోపలికి దిగుతుంది. కనుక నాలుగు చక్రాల బండి అయితే వెనుక గేరుబాక్సుతో పాటు ముందు ఇరుసు నూనెనూ విడిగా చూడాలి.

బోల్తా పడిన బండి

కారుకు, లారీకి ఉన్నట్లు ట్రాక్టరులో అనేక వాటికి విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. ఇంజను, క్లచ్ గూడు, గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ పోత ఇనుప గూళ్లే బండికి వెన్నెముక. బోల్తా పడినప్పుడు వెన్నెముకకు పగులు వస్తే, పైన మడ్‌గార్డులు, బానెటు మార్చినా లోపల బలహీనత అలాగే ఉండిపోతుంది. క్లచ్ గూడు కింద వెల్డింగు మచ్చ, గూళ్లు కలిసే చోట నూనె చెమ్మ, ఒక వైపు బోల్టులు కొత్తవి, మరొక వైపు పాతవి కావడం, స్టీరింగు చక్రం వంపు, ఒకే ఒక మడ్‌గార్డుకు కొత్త రంగు ఇవి కనిపిస్తే బండి ఎప్పుడో విడదీయబడిందని అర్థం. క్లచ్ పని కోసం విడదీయడం తప్పుకాదు. పోత ఇనుము మీద వెల్డింగు ఉంటే మాత్రం ఆ గూడు మార్చే ఖర్చును పూర్తిగా ధరలో తగ్గించాలి.

మిస్త్రీ పరీక్ష

పరీక్షకు మన మిస్త్రీనే తీసుకువెళ్లాలి. అమ్మేవారి మిస్త్రీ మాట అమ్మేవారి మాటే. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మనం వచ్చేముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లబడేదాకా ఆగాలి, లేదా మరునాడు రావాలి. చల్లని ఇంజను ఎంతసేపటికి అందుకుంటుందో దాని కంప్రెషన్ సంగతి చెబుతుంది.

పొగ నల్లగా ఉంటే గాలి చాలకపోవడం, డీజిలు ఎక్కువ కావడం, ఇంజెక్టర్ల లోపం. నీలంగా ఉంటే ఇంజను నూనె కాలుతున్నది, రింగులు లేదా వాల్వు గైడ్లు అరిగాయి. వేడెక్కిన తర్వాత కూడా తెల్లగా వస్తుంటే సిలిండరులోకి నీరు దిగడమో, డీజిలు సరిగా మండకపోవడమో కారణం. ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత తీసి చూడాలి. అక్కడి నుంచి పొగ బలంగా కొడుతుంటే సిలిండరు పని దగ్గరపడినట్లు.

గంటల మీటరును నమ్మి ధర కట్టరాదు. తీగ తెగిన మీటరు ఏళ్ల తరబడి ఒకే అంకె చూపవచ్చు. మీటరులో 900 గంటలు ఉండి, క్లచ్ పెడలు రబ్బరు అరిగి ఇనుము మెరుస్తూ, స్టీరింగులో వదులు ఉండి, మూడు కొక్కేల లింకేజి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే మీటరు మాట అబద్ధం. రోటావేటరుకు తగిలించి పనిచేయించినప్పుడే లిఫ్టు, పీటీవో సంగతి తేలుతుంది. పనిముట్టును పైకెత్తి ఇంజను ఆపివేసి కొద్ది నిమిషాలు ఉంచాలి. అది జారిపోతే లిఫ్టు లోపల రిపేరు ఉన్నది. పీటీవో నిర్ణీత వేగం నిమిషానికి 540 చుట్లు. బరువు పడగానే ఇంజను గొంతు మారి పనిముట్టు మందగిస్తే పంపు లేక ఇంజను శక్తి తగ్గినట్లు. కుడి, ఎడమ బ్రేకులను విడివిడిగా తొక్కి చూడాలి.

ఈ పరీక్షలో బయటపడిన ప్రతి లోపాన్ని మిస్త్రీ చేత అంకెగా చెప్పించి కాగితం మీద రాయించుకోవాలి. “పెద్ద పని ఏమీలేదు సేఠ్” అనే మాట లెక్కకు పనికిరాదు.

కాగితాలు: ముందు నంబరు

ఇక రెండవ భాగం, నిజానికి మొదట చూడవలసిన భాగం కాగితాలు. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు కొట్టిన చోట రంగు తుడిపించి, వెలుతురులో చూడాలి. చుట్టూ రాపిడి, అంకెల వరుస వంకర, లోతులో తేడా, విడిగా అతికిన రేకు కనిపిస్తే బేరం అక్కడే ఆపడం మేలు. పాత ఇంజను పాడై కొత్త ఇంజను వేశామని చెబితే ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉండాలి.

నంబరు పలకను చూసి ఏ రాష్ట్రం బండియో చెప్పడం పొరపాటు. 2014 జూన్ 2కు ముందు రెండు రాష్ట్రాల బండ్లకూ ఏపీ అక్షరాలే. ఏపీ 12 హైదరాబాదు దక్షిణ మండలం, ఏపీ 22 మహబూబ్‌నగర్, ఏపీ 21 కర్నూలు. తర్వాత తెలంగాణకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. రిజిస్టరు చేసిన కార్యాలయం పేరు ఆర్సీలో చూడాలి. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 లేకుండా ఇక్కడ పేరు మారదు. కర్ణాటక, మహారాష్ట్ర బండి చౌకగా వచ్చిందంటే ఈ పత్రం ఉన్నదా అనేది మొదటి ప్రశ్న కావాలి.

వాయిదాల బండి

ఆర్సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే బండిపై హైపోథికేషన్ ఉన్నట్లు. అప్పు తీరిందని రైతు నోటితో చెప్పినా, బ్యాంకు చీటీ చూపినా చాలదు. ఫారం 35 మీద ఫైనాన్సు సంస్థ సంతకంతో ఆ నమోదును రద్దు చేయించాలి. కార్యాలయం రికార్డులో ఆ పేరు పోయిన తర్వాతే బండి స్వేచ్ఛగా ఉన్నట్లు లెక్క.

ఫైనాన్సు సంస్థ స్వాధీనం చేసుకొని వేలం వేసిన బండి విషయం వేరు. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం ఆ సంస్థ ఫారం 36తో దరఖాస్తు చేసి ఆర్సీని తన పేర పొందవచ్చు. ఆ తర్వాత కొన్నవారి పేరుకు మార్చవచ్చు. ఈ వరుస సక్రమంగా జరిగిన వేలం బండి మధ్యవర్తి ద్వారా వచ్చే బండి కంటె క్షేమం. అయితే వేలంలో “ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా” అనే షరతు ఉంటుంది. ఇంజను లోపానికి తర్వాత ఎవరినీ అడగలేము. స్వాధీనం ఏ పద్ధతిలో జరిగిందీ తెలుసుకోవడం కూడా అవసరం. అప్పు వసూలుకు కండబలం ఉపయోగించి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగా మందలించింది. రైతు స్వాధీనాన్ని సవాలు చేసి కోర్టుకు వెళ్లి ఉంటే ఆ వివాదం కొన్నవారి గుమ్మం దాకా రావచ్చు.

పట్టుబడిన బండి

గనుల, ఖనిజాల చట్టం 1957లోని 21వ సెక్షను ప్రకారం అక్రమంగా ఇసుక, ఖనిజం తరలించిన వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. కోర్టు ఉత్తర్వుతో ప్రభుత్వపరం కూడా చేయవచ్చు. కేసు నడుస్తుండగా పూచీకత్తు రాయించుకొని బండిని తాత్కాలికంగా యజమానికి అప్పగించడం ఉన్నది. అలా ఇంటికి వచ్చిన బండి యజమాని చేతిలో ఉన్నా, అడిగినప్పుడు కోర్టు ముందు నిలబెడతానని ఆయన మాట ఇచ్చి ఉంటాడు. దాన్ని అమ్మివేస్తే కొన్నవారు కోర్టు సొత్తును ఇంట పెట్టుకున్నట్లే. చిన్న ట్రాలీతో సహా చౌకగా వచ్చే ట్రాక్టరు విషయంలో ఈ విచారణ తప్పదు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

దొంగ బండి విషయంలో 1930 సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షను మాట సూటిగా ఉన్నది. తనకు లేని హక్కును అమ్మేవాడు మరొకరికి ఇవ్వలేడు. కొన్నవారు నిజాయితీపరులైనా, పూర్తి ధర చెల్లించినా, అసలు యజమాని వచ్చి అడిగితే బండి ఆయనదే. దొంగసొత్తని తెలిసో, అనుమానించదగిన కారణం ఉండో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద శిక్ష కూడా ఉన్నది. బజారు కంటె మరీ తక్కువ ధరకు, రాత్రికి రాత్రి, ఆర్సీ జిరాక్సుతో వచ్చిన బండి విషయంలో నాకు తెలియదనే జవాబును పోలీసులు సులభంగా నమ్మరు.

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు

ఈ వ్యాపారంలో పాతుకుపోయిన అలవాటు ఒకటి ఉన్నది. మొదటి రైతు చేత ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు తీసుకొని, బండితో పాటు ఆ ఫారాలను చేతులు మారుస్తూ పోవడం. మధ్యలో ఉన్న వర్తకుడికి ఫీజు, తిరుగుడు తప్పుతాయి. లాభం కొద్ది వేలు. ప్రమాదం మాత్రం లక్షల్లో ఉన్నది.

నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పును ప్రతి మధ్యవర్తి తెలుసుకోవాలి. రిజిస్టర్డ్ యజమాని ఒక కారు అమ్మివేశాడు. అది చేతి నుంచి చేతికి మారింది. ఆర్సీ మాత్రం మారలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒక బాలుడు చనిపోయాడు. నష్టపరిహారం ఎవరు చెల్లించాలని ప్రశ్న వచ్చినప్పుడు, ఎన్ని అమ్మకాలు జరిగినా రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారే చట్టం దృష్టిలో యజమాని, బాధ్యత వారిదే అని కోర్టు తేల్చింది. ఎప్పుడో బండి అమ్ముకున్న రైతు పదేళ్ల తర్వాత పరిహారం కేసులో ఇరుక్కోవడమంటే ఏమిటో ఊహించుకోవచ్చు. ఆ రైతు మొదట వెతికేది తన చేత సంతకాలు చేయించుకున్న మధ్యవర్తినే.

చట్టంలో గడువులు ఇవి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రం అయితే 45 రోజుల్లో బదిలీ సంగతి తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. బీమా పాలసీని తమ పేరుకు మార్పించుకోవడానికి కొన్నవారికి 14 రోజులు. బీమా లేకుండా బండిని రోడ్డు మీద నడిపించి తీసుకురావడం కంటె లారీ మీద ఎక్కించి తేవడం మంచిది. సబ్సిడీ మీద ఇచ్చిన ట్రాక్టరైతే, నిర్ణీత కాలం అమ్మరాదనే షరతు మంజూరు పత్రంలో ఉన్నదేమో చూడాలి.

విడిభాగాల గతి

కంపెనీ గతం కూడా బండి గతంలో భాగమే. పింజోరులో 1971 నుంచి ట్రాక్టర్లు తయారుచేసిన ప్రభుత్వ రంగ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ 25 హార్స్‌పవర్ బండ్లు గట్టివే, కాని విడిభాగానికి డీలరు వద్దకు వెళ్లే వీలు పోయింది. అందుకు భిన్నంగా ఐషర్ ట్రాక్టర్లను 2005లో టాఫే, స్వరాజ్ తయారుచేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను 2007లో మహీంద్రా తీసుకున్నందువల్ల ఆ బండ్లకు విడిభాగాల ఇబ్బంది రాలేదు.

అమెరికాలో ఇదే చిక్కు కోర్టు దాకా వెళ్లింది. జపాన్‌లో వాడిన కుబోటా చిన్న ట్రాక్టర్లను కొందరు వర్తకులు అక్కడికి దిగుమతి చేసి అమ్మారు. బండ్లు అసలైన కుబోటావే. అయితే లేబుళ్లు జపాన్ భాషలో ఉండడం, అక్కడి డీలర్ల వద్ద వాటి విడిభాగాలు, సర్వీసు దొరకకపోవడం వంటి తేడాలు కొనేవారిని తప్పుదారి పట్టిస్తాయని ఆ దేశ వాణిజ్య కమిషన్ ఆ దిగుమతులను నిషేధించింది. అప్పీలు కోర్టు 1999లో దానిని బలపరచింది. అసలు కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన బండికి అసలు విలువ రాదని దీని సారాంశం. ఒక మోడలు కొనేముందు దాని క్లచ్ ప్లేటు, నీటి పంపు, ఇంజెక్టరు, ముందు ఇరుసు సీళ్లు ఈ నాలుగూ దుకాణంలో ఉన్నాయా అని వాకబు చేయడం ఒక పూట పని.

లెక్క ఎలా కట్టాలి

ఉదాహరణకు 20 హార్స్‌పవర్ బండి ఒకటి, లోపంలేనిదైతే రూ. 3,25,000 పలుకుతుందని అనుకుందాం. అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. వెనుక టైర్లకు రూ. 30,000, క్లచ్ పనికి రూ. 18,000, పంపు రిపేరుకు రూ. 12,000, ముందు సీళ్లకు రూ. 5,000, వెరసి రూ. 65,000. కనబడని లోపాలకు రూ. 20,000, బదిలీ, బీమా, రవాణాలకు రూ. 15,000, వర్తకుని లాభం రూ. 20,000. మొత్తం తగ్గింపు రూ. 1,20,000. కొనదగిన ధర రూ. 2,05,000. బండి మునిగినదని తేలి, గేరుబాక్సు విప్పే పనికి మరో రూ. 50,000 అవుతుందని మిస్త్రీ చెబితే ధర రూ. 1,55,000. అమ్మేవారు ఒప్పుకుంటే ఇదీ బేరమే. గతం చెడ్డదైనా లెక్క కుదిరింది.

ఇప్పుడు అదే బండి కాగితంలో చిక్కు ఉన్నదనుకుందాం. రూ. 2,05,000కు బదులు రూ. 1,00,000కే వచ్చింది. రిపేర్లకు రూ. 65,000, ఇతర ఖర్చులకు రూ. 15,000 పెట్టాము. కొత్త రంగుతో నిలబడిన బండిని పోలీసులో, ఫైనాన్సు సంస్థవారో తీసుకుపోయారు. పోయింది రూ. 1,80,000. ఆపైన తిరిగి అమ్మిన రైతుకు ధర వాపసు ఇవ్వాలి, కోర్టు చుట్టూ తిరగాలి. మొదటి బండి మీద ఆశించిన రూ. 20,000 లాభం ఇటువంటి తొమ్మిది బండ్ల మీద వస్తేగాని ఈ ఒక్క నష్టం పూడదు. ధర తగ్గినకొద్దీ ప్రమాదం తగ్గదని ఈ లెక్క చూపుతుంది.

బయానాకు ముందు

కనుక బయానా ఇచ్చేముందే ఆర్సీ నంబరుతో రవాణా శాఖ రికార్డు, హైపోథికేషన్, చలానాలు, బీమా చూసుకోవాలి. బయానా రశీదులో ఇంజను, చాసిస్ నంబర్లు, అమ్మేవారి గుర్తింపు, బదిలీ కాకపోతే ఎన్ని రోజుల్లో సొమ్ము వాపసు ఇవ్వాలో రాయించాలి. పూర్తి సొమ్మును బ్యాంకు ద్వారా ఆర్సీలో ఉన్న మనిషికే చెల్లించి, మధ్యవర్తి కమీషన్‌ను విడిగా ఇవ్వడం శ్రేయస్కరం. మధ్యలో రెండు చేతులు ఉంటే ఆ రెండు చేతుల నుంచీ అమ్మకం రశీదు తీసుకోవాలి. అప్పగించిన తేదీతో పాటు గంట కూడా రాసుకోవాలి. ఆ రోజు సాయంత్రం బండి దారిలో ఎవరికైనా తగిలితే, ఏ గంటకు ఎవరి చేతిలో ఉన్నదో తేల్చేది ఆ కాగితమే.

మంచి మధ్యవర్తికి ఈ పద్ధతి నష్టం కాదు. బండి మునిగినదని ముందే చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మిన మధ్యవర్తి దగ్గరకు అదే రైతు మళ్లీ వస్తాడు, తమ్ముడినీ తీసుకువస్తాడు. దాచిపెట్టి అయిదు వేలు ఎక్కువ తీసుకున్నవాడికి ఆ ఊరి దారి మూసుకుపోతుంది. పత్తి డబ్బో, మామిడి కౌలు డబ్బో చేతికి వచ్చినప్పుడు రైతు చిన్న ట్రాక్టరుకు వస్తాడు. రెండో బండి కొనే స్తోమత ఆయనకు ఏళ్ల తరబడి రాకపోవచ్చు. ఆ ఒక్క బండి కాగితం సరిగా ఉండేలా చూడడం వర్తకుని పూచీ. ఇంజనుకు మిస్త్రీ ఉన్నాడు, కాగితానికి వర్తకుడే మిస్త్రీ.